ఖాళీ పంపితే పాతదే ఉంటుంది

కొత్త బట్ట ఏది కట్టుకోవాలన్నా ముందు నీలవేణికి పెట్టాలి. అది ఆ ఇంటి నియమం. చీర మడత విప్పకముందే దేవుడి గూటి కింద పెట్టి, పసుపు కుంకుమ చల్లి, "అక్కా, నువ్వు కట్టుకున్నంకనే నేను కట్టుకుంట" అనాలి. కాసేపు ఆగి తీసుకోవాలి. గద్వాలలో ఆ ఇంటికి కోడలై వచ్చిన రోజు నుంచి సుహాసిని కొత్త చీర అంటూ ఒక్కటీ ఎరగదు. అన్నీ ఒకరు కట్టి విడిచినవే. ఆ ఒకరు చచ్చిపోయిన మనిషైనా సరే, విడిచినవి విడిచినవే కదా.

నీలవేణి శివకుమార్‌కి మొదటి భార్య. సుహాసిని రెండోది. రెండో భార్య మెడలో పుస్తెల పక్కన ఒక వెండి బిళ్ళ ఉంటుంది, దాని మీద ఆడమనిషి బొమ్మ. సవతమ్మ అంటారు దాన్ని. "ఇది మెడల ఉంటేనే ఆమె నిన్నేం చెయ్యదు బిడ్డా" అని పెళ్లిపీటల మీదే చెప్పింది అత్త జములమ్మ. లేకపోతే ఏం చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. సుహాసిని అడగనూ లేదు. అడగడం ఆమెకు మొదటి నుంచీ రాదు. అయిజలో పెళ్లిచూపులప్పుడు నాన్న "ఏమంటవ్ బిడ్డా, రెండో సంబంధమైనా మగ్గం నడుస్తున్న ఇల్లు" అంటే తల వంచుకుంది. ఆ వంచుకున్న తలనే 'సరే' అని లెక్కేసుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్నవాడెవడో గానీ వాడు ఆడది మాత్రం కాదు. మిగతా సగం ఏమైందని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు పొద్దున కూడా అంతే. సుహాసిని రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పక్కనే జోలెలో బిడ్డ. తల్లిగారింటి నుంచి అయిదో నెలలో తెచ్చారు, ఇంకా పేరు పెట్టలేదు. తండ్రి ఇంట్లో తొట్టెలలో వేసినప్పుడే పేరు పెట్టాలి, అంతదాకా బుజ్జి. జములమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, చింతపండు అయిపోయిందన్నంత మామూలుగా అంది.

"వచ్చే శుక్రవారం తొట్టెల. నీలవేణి పేరే పెడదాం పిల్లకు. ఆమె కడుపు పండలే, గీ పిల్ల రూపంలనన్న ఇంట్ల తిరుగుతది. ఏమంటవ్?"

సుహాసిని చేతిలో దారం తెగింది. అతికించి మళ్లీ రాట్నం తిప్పింది. జములమ్మ లేచి చేట దులుపుకుని వెళ్లిపోయింది. 'ఏమంటవ్' అన్నది ప్రశ్న కాదు, వాక్యానికి పెట్టిన చుక్క.

సుహాసిని ఉద్యోగం గురించి ఆ ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియదు. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే కోడ్ రాస్తుంది. దవాఖానల్లో రోగుల వివరాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. "ఆ పెట్టె ముంగట ఊకెనే కూసొని టిక్కుటిక్కు అంటది" అని జములమ్మ పక్కింటివాళ్లకు చెప్పే వివరం. శివకుమార్‌దైతే ఒకటే మాట: "నువ్వు ఇంట్లనే ఉంటివి గద." ఇంట్లోనే ఉండేదానికి అన్ని పనులూ ఇంట్లోనివే. వంట, అంట్లు, కండెలు, బిడ్డ, మీటింగులు. వాటన్నిటి మధ్యలో మగ్గం పక్క పీట.

ఆ పీట సంగతి చెప్పాలి. గద్వాల చీర నడుమంతా నూలు, అంచు పట్టు. రెంటికీ అటూ ఇటూ దారం మోసే నాడెలు వేర్వేరు. గుంత మగ్గంలో నేసేవాడు ఒక్కడే కూర్చుంటే కుదరదు, అవతలి అంచు నాడెను అందుకుని తిప్పి పంపడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు కూర్చునేదే పక్క పీట. చీర బాగా వస్తే శివకుమార్ చెయ్యి మంచిదంటారు. పీట మీది చేతి ఊసు ఎవరూ ఎత్తరు. నీలవేణి బతికున్నన్నాళ్లూ ఆమే కూర్చుంది. ఇప్పుడు సుహాసిని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిస్తే ఒక ఫిర్యాదు వచ్చి ఉంది. వనపర్తిలో ఏదో దవాఖాన రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి రాసింది: "మేడం, ఒక పెద్దమ్మ షుగర్ చూపించుకోను వస్తది. భర్త పోయిండు. ఆయన పేరు, ఫోన్ నంబర్ తీసెయ్యమంటది. తీసేసి సేవ్ కొడితే మళ్లీ వస్తున్నయి. ఎన్నిసార్లు తీసినా చచ్చిపోయిన మనిషి మళ్లీ వస్తుండు. చీటీ మీద ఆయన పేరు చూసి ఏడుస్తది మేడం. జర చూడండి."

చచ్చిపోయిన మనిషి మళ్లీ వస్తుండు. సుహాసిని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మెడలో బిళ్ళ చల్లగా తగిలింది. బయట ఎండ మండిపోతోంది, రేకుల కింద చెమట కారిపోతోంది, బిళ్ళ మాత్రం బావిలోంచి తీసినట్టుంది.

కోడ్ తెరిచింది. పేరు చెరిపేస్తే ఆ గడిలో ఏమీ ఉండదు, అంటే నల్. డేటాబేస్‌లో ముందే రాసిపెట్టిన ఒక ప్రొసీజర్ ఉంటుంది, దానికి కోడ్ ఒక్కో విలువను అందించాలి, మగ్గం పక్కన కూర్చుని నాడె అందించినట్టు. ఆ విలువ దగ్గర ఉత్త నల్ పెట్టి పంపితే అసలు ఏమీ అందించనట్టే. డేటాబేస్ 'నాకు ఫలానాది అందలేదు' అని ఎర్రటి అక్షరాలతో ఆగిపోతుంది. ఆ ఎర్ర అక్షరాలు రాకుండా టీమ్ లీడ్ అరవింద్ ఎప్పుడో ఒక ఉపాయం చేశాడు. ప్రొసీజర్‌లో ఒక వరుస చేర్చాడు: ఏమీ రాకపోతే పాతదాన్నే ఉంచు.

అంతే. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే పాత మనిషి వచ్చి కూర్చుంటాడు. సుహాసినికి నవ్వు రావాల్సింది. రాలేదు.

"నీలా, నాడె."

మగ్గం గుంతలోంచి శివకుమార్ పిలుపు. పనిలో మునిగితే అతనికి పాత పేరే వస్తుంది. మొదట్లో నాలుక కరుచుకునేవాడు, ఇప్పుడు కరుచుకోవడం లేదు. సుహాసిని "ఆఁ, వస్తున్న" అని లేచింది. పీట మీద కూర్చుని నాడె అందుకుని, తిప్పి, పంపింది. అందుకుని, తిప్పి, పంపింది. కాసేపటికి తన చెయ్యి వైపు చూసుకుంది.

ఎడమ చెయ్యి.

సుహాసినిది కుడిచేతి వాటం. అన్నం కుడిచేత్తో, రాత కుడిచేత్తో, రాట్నం కుడిచేత్తో. నీలవేణిదే ఎడమచేతి వాటమని సౌజన్య, ఆడబిడ్డ, ఒకసారి నవ్వుతూ చెప్పింది: "ఆ వదిన గంటె గూడ ఎడమ చేత్తోనే తిప్పేది." సుహాసిని నాడెను బలవంతంగా కుడిచేతికి మార్చుకుంది. దారం చిక్కుబడింది. శివకుమార్ విసుక్కున్నాడు. "ఏందే, మంచిగ వస్తుండె గద ఇప్పటిదాక?" మళ్లీ ఎడమ చేతికి మార్చుకుంది. మగ్గం సాఫీగా నడిచింది. అందుకు భయం వేసింది.

ఎప్పటి నుంచి ఇట్లా అయిందో వెతుక్కుంటే ఒక్క రోజుకు చేరలేదు. నెమ్మదిగా, తేమ గోడకెక్కినట్టు ఎక్కింది. పొయ్యి దగ్గర చూస్తే గంటె ఎడమ చేతిలో ఉంటోంది. పక్కింటావిడ గోడ మీద నుంచి "దగ్గు గూడ అచ్చం ఆమె లెక్కనే ఉన్నదమ్మా నీది" అంది, మెచ్చుకుంటున్నట్టు. జములమ్మ ఈ మధ్య ఆమెను ఏ పనికీ తిట్టడం లేదు. "ఇప్పుడు ఇల్లు ఎప్పటిలెక్క అయింది" అంటోంది. మొన్న అమ్మ అయిజ నుంచి ఫోన్ చేసి "సుహా" అంటే, ఎవరిని అడుగుతోందో ఒక క్షణం అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. శివకుమార్ 'ఏందే' అంటాడు, అత్త 'బిడ్డా' అంటుంది, ఆఫీసువాళ్లు 'మేడం' అంటారు. పలకని పేరు బావిలో పడ్డ చెంబు లాంటిది. ఉందో లేదో వంగి చూసుకోవాలి.

అన్నిటికంటే బిడ్డ సంగతే గుండెలో గుబులు. ఎత్తుకుని ముద్దు చేస్తే ఆ పిల్ల తల్లి మొహం చూడదు. తల్లి భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. ఎవరూ లేని పక్క పీట వైపు చూసి బోసినోటితో నవ్వుతుంది. ఒక్కోసారి పీట దగ్గర నుంచి గూటి దాకా, గూటి దగ్గర నుంచి పొయ్యి దాకా, నడిచే మనిషి వెంట తిప్పినట్టు కళ్లు తిప్పుతుంది.

ఆఫీసు మీటింగులో సుహాసిని ఆ ప్రొసీజర్ సంగతి ఎత్తింది. అరవింద్ నవ్వాడు. "మేడం, ముందు మైక్ మ్యూట్ చేయండి, మీ ఇంట్లో ఆ టకటకలేంటి? రన్ అవుతున్న కోడ్‌ని ఎందుకు కెలకడం? ఖాళీ వస్తే పాతది ఉంచుతుంది. పాతది ఉంటే నష్టమేంటి?" అందరూ నవ్వారు. ఆమె మైక్ మ్యూట్ చేసింది. అదే ఆమెకు బాగా వచ్చిన పని.

కానీ ఆ మాట వదల్లేదు. పాతది ఉంటే నష్టమేంటి. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. శివకుమార్ బజారుకు వెళ్లాడు, మగ్గం ఆగింది, ఇల్లంతా ఎండలో నిద్రపోతున్నట్టుంది. జములమ్మ రాట్నం తిప్పుతోంది. ఇన్నాళ్లూ అడగని మాట సుహాసిని అప్పుడు అడిగింది.

"అత్తమ్మా, అక్క ఏమైతే పోయింది?"

రాట్నం ఆగలేదు. "జరమొచ్చింది."

"దవాఖానకు తీసుకపోలేదా?"

"పెళ్లిళ్ల కాలం బిడ్డా. మగ్గం మీద సగం చీర ఉన్నది, చీరల సేటు నెత్తి మీద కూసున్నడు. పక్క పీట ఖాళీ అయితే మగ్గం ఆగిపాయె. చీర దించినంక దవాఖానకు పోదాం అన్న. సరే అనలే, వద్దనలే. కూసున్నది."

"చీర దిగిందా?"

"దిగింది. మంచిగనే దిగింది." జములమ్మ దారాన్ని వెలుగుకు పట్టి చూసింది. "కొంగు నేసేటప్పుడు చెయ్యి లేస్తలేకుండెనంట, శివకుమార్ చెప్పిండు. గయినా అందించింది. గట్ల కూసున్నదే తెల్లారేసరికి పోయింది. గసుంటి పిల్ల మళ్ల దొరకదు."

సరే అనలే, వద్దనలే. సుహాసిని పక్క పీట వైపు చూసింది. ఇన్నాళ్లూ అక్కడ ఏదో తన మీదికి రావడానికి కాచుకుని ఉందనుకుంది. రావడం కాదు, పోలేక కూర్చుంది. జ్వరంతో కూర్చుంది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పొమ్మనలేదు. చచ్చిపోయిందని కూడా నోరు తెరిచి ఎవరూ చెప్పలేదు. చీరలు పెడుతున్నారు, పేరు పిలుస్తున్నారు, ఇంకొకతెను తెచ్చి అదే పీట మీద కూర్చోబెట్టారు. నాడె ఆగలేదు కాబట్టి చావు కూడా ఎవరి లెక్కలోకీ రాలేదు. సుహాసినికి ఏడుపొచ్చింది. మొదటిసారి నీలవేణి కోసం వచ్చింది. ఇక తన బిడ్డకు ఆ పేరు పెడితే, ఈ పిల్ల పెద్దదై ఎక్కడ కూర్చుంటుందో ఎవరైనా వేరే చెప్పాలా?

కరెంటు వచ్చింది. సుహాసిని ల్యాప్‌టాప్ తెరిచి అరవింద్ చేర్చిన వరుసను తీసేసింది. తీసేస్తే చాలదు, మళ్లీ ఎర్ర అక్షరాలొస్తాయి. ఖాళీ అని చెప్పడానికి డేటాబేస్‌కు తనదైన నల్ ఒకటి వేరే ఉంది. కోడ్‌లోని ఉత్త నల్ అంటే నోరు మెదపకపోవడం. డేటాబేస్ నల్ అంటే నోరు తెరిచి 'లేదు' అని చెప్పడం. బయటి నుంచి చూస్తే రెండూ ఖాళీయే. చూసేవాడికి తేడా తెలియదు. కానీ మొదటిదాంట్లో ఎవరు కావాలంటే వాళ్లు వచ్చి కూర్చోవచ్చు, రెండోదాంట్లో కుదరదు. గడి ఖాళీగా ఉన్న ప్రతిచోటా ఆ రెండో నల్‌ను పంపేట్టు రాసింది. అన్నీ సరిచూసి, అరవింద్‌ను అడగకుండానే, కంపెనీకి పంపేసింది.

శుక్రవారం లోపే వనపర్తి అమ్మాయి జవాబు వచ్చింది. "పోయింది మేడం. పెద్దమ్మకు స్క్రీన్ మీద చూపించిన. ఆ ఖాళీ జాగనే చాలాసేపు చూసుకుంట నిలబడ్డది. ఇగ పోదాం అన్నది."

తొట్టెల రోజు ఇల్లు చుట్టాలతో నిండింది. మగ్గం మీద దుప్పటి కప్పారు. కొత్త చీరను గూటి కింద పెట్టి చెప్పాల్సిన మాట చెప్పబోతూ సుహాసిని ఆగింది. "అక్కా, ఇది నాది" అని మెల్లగా అని తీసి కట్టుకుంది. కొత్త గంజి వాసన ముక్కుకు తగిలింది. చీరలకు ఆ వాసన ఉంటుందని మరిచేపోయింది.

తొట్టెలలో బిడ్డను వేశారు. మేనత్త పిల్ల చెవిలో పేరు చెప్పాలి. చెప్పే ముందు తల్లిని ఒక మాట అడగడం వాళ్ల ఆచారం. తల్లి తల వంచుకుంటుంది, మేనత్త చెప్పేస్తుంది. తరతరాలుగా ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు. సౌజన్య తొట్టెల మీదికి వంగి, ఆచారం ప్రకారం తలెత్తి అడిగింది.

"వదినా, నీలవేణి అని చెప్తున్న. నీ మనసుల ఏమన్న ఉన్నదా?"

మెడ దానంతటదే వంగబోయింది. కుడి భుజం వెనక ఎవరో ఊపిరి బిగబట్టుకున్నట్టు తోచింది. బిడ్డ కళ్లు దుప్పటి కప్పిన మగ్గం పక్కకు, పీట మీదికి వెళ్లి అక్కడే నిలిచాయి. ఇప్పుడు నోరు మెదపకపోతే ఏమవుతుందో సుహాసినికి కోడ్ వరుసంత స్పష్టంగా తెలుసు.

"ఉన్నది" అంది. గొంతు బొంగురుగా వచ్చినా తనదే. "నా బిడ్డకు ఇంకా పేరు లేదు."

"గదే గదనే పెడుతున్నం" అంది జములమ్మ.

"వద్దు అత్తమ్మా. ఖాళీగనే ఉండనియ్యి. నేను పెట్టినప్పుడు పెడత. అప్పటిదాక పాతది పెట్టొద్దు."

"తొట్టెల్ల ఏసినంక పిల్ల పేరు ఖాళీ ఉంటదా యాడనన్న?"

"ఉంటది. ఖాళీ అని నేను చెప్తున్న గద. నీలవేణి పేరు నీలవేణక్కదే. ఆమె చచ్చిపోయింది. చీర దించినంక దవాఖానకు పోదామన్నరు. చీర దిగింది, ఆమె పోయింది. గీ ఇంట్ల ఆ మాట ఇంతవరకు ఒక్కరు గూడ అనలే. ఇగనన్న ఆమెను పోనియ్యిండ్రి."

సౌజన్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసని చూస్తే అర్థమైంది. శివకుమార్ మొహం ఎర్రబడింది. "ఏందే గిది నలుగురి ముంగట? ఏమైంది నీకు?"

సుహాసిని మెడలోని వెండి బిళ్ళను దారంలోంచి విప్పింది. కుడిచేత్తో. అతని అరచేతిని తెరిచి అందులో పెట్టింది.

"ఆమె నాడె అందించింది నీకు. ఇగ ఆమెను మొయ్యాల్సింది నువ్వు. రేపటి నుంచి నేను ఆ పీట మీద కూసోను. కూసోవాల్నంటే, నా పేరు పట్టి అడుగు. అప్పుడు ఆలోచన చేస్త."

అతను అరచేతిలోకి చూశాడు. చెయ్యి మూసుకోబోయి మూసుకోలేకపోయాడు. పెదవులు కదిలాయి. ఏ పేరు పిలవాలో వెతుక్కుంటున్నట్టు కదిలాయి.

అప్పుడు మగ్గం పక్కన పీట కిర్రుమంది. చాలాకాలంగా కూర్చున్న మనిషి మోకాళ్లు పట్టుకుని లేస్తే చేసే చప్పుడు. అందరూ విన్నారు, ఎవరూ అటు తిరగలేదు. తొట్టెలలోని బిడ్డ ఒక్కతే తిరిగింది. దాని చూపు పీట దగ్గర నుంచి మెల్లగా కదిలి, చుట్టాల మధ్య నుంచి దారి చేసుకుంటూ తలుపు దాకా వెళ్లింది. గడప మీద కాసేపు ఆగింది. గడప దాటి, ఎండలోకి, ఇక కనబడనంత దూరం వెళ్లింది.

ఆ తర్వాత పేరు లేని ఆ పిల్ల ఇటు తిరిగి, భుజం మీదుగా ఎటో కాకుండా, మొదటిసారి తల్లి మొహంలోకే చూసింది.